స్పెక్ట్రమ్‌కి పట్టా ఉందా? వేల కోట్లు పోసి జియో, ఎయిర్‌టెల్ కొన్నది అసలేంటి?

2024 నవంబర్‌లో సోనీ పీఎస్5 ప్రో రిలీజైంది. యూట్యూబ్ నిండా అన్‌బాక్సింగ్ వీడియోలే. మనకి మాత్రం రాలేదు. స్టాక్ ప్రాబ్లం కాదు, ట్యాక్స్ గొడవ కాదు. అందులో ఉన్న వై-ఫై 7 చిప్ 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని వాడుతుంది. ఆ బ్యాండ్‌ని వై-ఫైకి ఇంకా అనుమతించని కొన్ని దేశాల్లో ప్రోని అమ్మడం లేదని, ఆ లిస్ట్‌లో ఇండియా కూడా ఉందని సోనీయే చెప్పింది.

ఒక్కసారి ఆలోచించండి. ఇల్లు మీది, రూటర్ మీది, కరెంటు బిల్లు కట్టేది మీరు. 6 గిగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటేసరికే నీరసపడిపోతుంది. అయినా మీ బెడ్‌రూమ్‌లో ఆ ఫ్రీక్వెన్సీ వాడాలంటే ఢిల్లీలో ఎవరో ఒప్పుకోవాలి. అంటే ఆ ఫ్రీక్వెన్సీ ఎవరిదో అన్నమాట. మరి ఎవరిది?

‘ప్రభుత్వానిది’ అనేస్తాం వెంటనే. లేదంటే ‘వేలంలో కొన్న కంపెనీది’ అంటాం. రెండూ పూర్తిగా కరెక్ట్ కాదు.

అమ్మింది వస్తువు కాదు

మీ ఫోన్ స్పెక్ షీట్‌లో 5జీ బ్యాండ్స్ దగ్గర ఎన్28, ఎన్78 అని ఉంటాయి చూడండి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్ ప్రాంతం. ఆ తరంగం పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. ఎన్78 అంటే మన దగ్గర 3,300 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే బ్యాండ్, పొడవు సుమారు 9 సెంటీమీటర్లే. పొడవు తరంగం గోడల్లోంచి బాగా దూరుతుంది, దూరం పోతుంది. పొట్టి తరంగం డేటా ఎక్కువ మోస్తుంది, కానీ త్వరగా అలసిపోతుంది. లిఫ్ట్‌లో 5జీ గుర్తు ఉండటం, పోవడం వెనక చాలావరకు ఉన్న కథ ఇదే.

ఇంతకీ 700 మెగాహెర్ట్జ్ అంటే ఏంటి? సెకనుకి 70 కోట్ల సార్లు ఊగడం. అంతే. అది ఒక వేగం, ఒక లెక్క. భూమి లాగా దాని చుట్టూ కంచె వేయలేం, బొగ్గు లాగా తవ్వి లారీకెత్తలేం. హైదరాబాద్‌లో ఒకరు 700 మీద ప్రసారం చేస్తుంటే అదే సమయంలో దుబాయ్‌లో ఇంకొకరు 700 మీదే ప్రసారం చేసుకోవచ్చు, ఎవరికీ నష్టం లేదు. అదే ఊళ్లో, అదే వీధిలో ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే మాత్రం ఇద్దరి మాటా వినపడదు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

కాబట్టి 2022 వేలంలో జియో 88,078 కోట్లు, ఎయిర్‌టెల్ 43,084 కోట్లు, వొడాఫోన్ ఐడియా 18,799 కోట్లు పెట్టి (అదానీ గ్రూప్ 212 కోట్లతో కలిపి మొత్తం 1,50,173 కోట్లు) కొన్నది ఫ్రీక్వెన్సీని కాదు. ‘ఈ సర్కిల్‌లో, ఈ బ్యాండ్‌లో, 20 ఏళ్ల పాటు ఇంకెవరూ ప్రసారం చేయకుండా చూస్తాం’ అన్న ప్రభుత్వ హామీని. డబ్బు కూడా ఒకేసారి కట్టక్కర్లేదు, 20 వార్షిక వాయిదాల్లో కట్టుకోవచ్చు. నెట్‌వర్క్ వేస్తామని ఇచ్చిన టార్గెట్లు తప్పితే జరిమానా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇది పట్టా కాదు, కౌలు.

‘ముందొచ్చినవాడిదే’ అన్న కోర్టు

పట్టా ఇచ్చేద్దాం అని ఎవరూ అనలేదా అంటే, అన్నారు. అమెరికాలో 1920ల్లో రేడియో స్టేషన్లు పుట్టగొడుగుల్లా లేచాయి. 1926లో ఒక ఫెడరల్ కోర్టు, స్టేషన్లకి ఫ్రీక్వెన్సీలు కేటాయించే అధికారం వాణిజ్య మంత్రికి చట్టంలో లేదని తేల్చేసింది. ఇంకేముంది, ఎవరికి నచ్చిన ఫ్రీక్వెన్సీలోకి వాళ్లు దూకేశారు. రేడియో తిప్పితే ఒకదాని మీద ఒకటి అరుపులు, ఈలలు.

అప్పుడే చికాగోలో డబ్ల్యూజీఎన్ అనే స్టేషన్, తన పక్క ఫ్రీక్వెన్సీలోకి వచ్చి కూర్చున్న చిన్న స్టేషన్ మీద కేసు వేసింది. ఓక్ లీవ్స్ కేసుగా దానికి పేరు. ముందు నుంచీ వాడుతున్నాం, డబ్బు పెట్టాం, శ్రోతల్ని సంపాదించుకున్నాం, కాబట్టి ఇది మా హక్కు అన్నది వాళ్ల వాదన. ఇల్లినాయ్ కోర్టు జడ్జి అవునన్నారు. బంజరు భూమిని సాగు చేసినవాడికి హక్కు వచ్చినట్టు, గాలిలో కూడా వస్తుందన్నమాట.

ఆ తీర్పు అలాగే నిలబడి ఉంటే ఇవాళ స్పెక్ట్రమ్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసులు ఉండేవేమో. కానీ అమెరికా పార్లమెంటు ఊరుకోలేదు. 1927 రేడియో చట్టంలో గట్టి మెలిక పెట్టింది. ‘గతంలో వాడుకున్నానన్న పేరుతో ఈ ఫ్రీక్వెన్సీ మీద నాకు హక్కుందని అనను’ అని ముందుగా సంతకం పెడితేనే లైసెన్స్. చిత్రం ఏంటంటే, 1959లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త, ఉచితంగా పంచే బదులు హక్కుల్ని వేలం వేసి అమ్మొచ్చు కదా అని రాశారు. అక్కడి నియంత్రణ సంస్థలో ఒక కమిషనర్ ఇదేమైనా జోకా అని అడిగారట. 1991లో ఆయనకి నోబెల్ వచ్చింది, 1994లో అదే సంస్థ మొదటి వేలం వేసింది. అప్పుడు కూడా అమ్మింది లైసెన్స్‌నే, స్పెక్ట్రమ్‌ని కాదు.

మన కథ క్రికెట్‌తో మొదలైంది

ఇండియాలో ఈ ప్రశ్నకి జవాబు వచ్చింది హీరో కప్ పుణ్యమా అని. 1993 నవంబర్. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా మీద చివరి ఓవర్ సచిన్ వేశాడు, ఫైనల్లో వెస్టిండీస్ మీద కుంబ్లే 12 పరుగులకి 6 వికెట్లు తీశాడు. ఆ టోర్నీయే. బెంగాల్ క్రికెట్ సంఘం ప్రసార హక్కుల్ని దూరదర్శన్‌కి కాకుండా టీడబ్ల్యూఐ అనే విదేశీ కంపెనీకి ఇచ్చింది. దేశంలోంచి సిగ్నల్ పంపే అధికారం మాకే ఉంది అంది ప్రభుత్వం. కంపెనీ తెచ్చిన పరికరాల్ని కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. మ్యాచ్ గ్రౌండ్‌లో, గొడవ కోర్టులో.

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, ప్రజల మేలు కోసం ఒక ప్రజాసంస్థ వాటిని నియంత్రించాలి అన్నది దాని సారాంశం. బెంచ్‌లో ఉన్న తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి విడిగా తన తీర్పు రాస్తూ, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం రేడియో, టీవీలకి ఏమాత్రం సరిపోదన్నారు. ప్రభుత్వ గుత్తాధిపత్యమూ కుదరదు, ప్రైవేటు గుత్తాధిపత్యమూ కుదరదు అన్నది అసలు పాయింట్. ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా ఉండే సంస్థ పెట్టమని కూడా కోర్టు చెప్పింది. దాని కోసం 1997లో తెచ్చిన బ్రాడ్‌కాస్టింగ్ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

ఆ వెలితి ఇప్పటికీ కనిపిస్తుంది. కారులో ఎఫ్‌ఎం పెడితే పాటలు, జోకులు, యాడ్స్ వస్తాయి. సొంత వార్తలు ఎందుకు రావు? ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ని యథాతథంగా వేసుకోవచ్చు అంతే. టీవీ న్యూస్ ఛానెళ్లు వందల్లో ఉన్నాయి, యూట్యూబ్ ఛానెళ్లకి లెక్కే లేదు, ఎఫ్‌ఎంకి మాత్రం నోటికి తాళం. ప్రజల ఆస్తి అన్న మాటకీ దీనికీ నాకైతే పొత్తు కుదరడం లేదు.

2జీ: కౌలు ధర ఎవరు నిర్ణయించాలి?

2008లో దేశవ్యాప్త 2జీ లైసెన్స్‌ని స్పెక్ట్రమ్‌తో కలిపి 1,658 కోట్లకి ఇచ్చారు. అది 2001 నాటి రేటు, పద్ధతేమో ముందొచ్చినవాళ్లకి ముందు. 2010లో కాగ్ 1.76 లక్షల కోట్ల నష్టం అంచనా వేసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సుల్ని రద్దు చేసింది. క్రిమినల్ కేసు మాత్రం 2017లో స్పెషల్ కోర్టులో నిలబడలేదు, నిందితులంతా బయటపడ్డారు. రాజకీయం సంగతి పక్కన పెడదాం. ఒక్క సంతకంతో 122 లైసెన్సులు ఆవిరైపోయాయంటే, వాళ్ల చేతిలో ఉన్నది సొంత ఆస్తి కాదని అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

ఆ దెబ్బకి అందరూ వేలం బాట పట్టారు. అయితే వేలానికీ ఒక జబ్బుంది. 700 మెగాహెర్ట్జ్ సంగతే చూడండి. 2016లో దేశం మొత్తానికి ఒక్కో మెగాహెర్ట్జ్‌కి కనీస ధర 11,485 కోట్లు పెట్టారు. ఒక్కరూ రాలేదు. 2021లో 6,568 కోట్లకి తగ్గించారు. అప్పుడూ ఎవరూ రాలేదు. 2022లో 3,927 కోట్లకి దించితే జియో 10 మెగాహెర్ట్జ్ తీసుకుంది, 39,270 కోట్లకి. మధ్యలో ఆరేళ్లు ఆ బ్యాండ్ ఖాళీగా పడి ఉంది. బొగ్గు తవ్వకపోతే భూమిలోనే ఉంటుంది, రేపు తవ్వుకోవచ్చు. వాడని ఫ్రీక్వెన్సీ అలా కాదు. నిన్నటి 700 మెగాహెర్ట్జ్‌ని ఇవాళ ఎవరూ వాడలేరు. గోడల్లోంచి దూరే సిగ్నల్ అందరికీ అవసరమైన ఆరేళ్లు మంచి రేటు కోసం ఎదురుచూస్తూ పోయాయి. అమ్మినవాళ్ల ఖజానా లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనపడదు.

కౌలు భూమి చేతులు మారితే

కౌలే అయినా దాన్ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. 2015 నుంచి కంపెనీలు స్పెక్ట్రమ్ వాడుకునే హక్కుని ఒకరికొకరు బదిలీ చేసుకునే వీలుంది. 2021లో ఎయిర్‌టెల్ ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, ముంబై సర్కిళ్లలో 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కొంత జియోకి ఇచ్చింది. విలువ సుమారు 1,497 కోట్లు, అందులో 459 కోట్లు ప్రభుత్వానికి ఇంకా కట్టాల్సిన వాయిదాలు. మన సర్కిల్ వాటా 3.75 మెగాహెర్ట్జ్. (రాష్ట్రం విడిపోయి ఏళ్లు గడిచినా టెలికాం లెక్కల్లో ఆంధ్రా, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. దానికి ఏపీ అనే పేరు.) 2025 ఏప్రిల్‌లో అదానీ గ్రూప్ తను 2022లో కొన్న 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోని 400 మెగాహెర్ట్జ్‌ని ఎయిర్‌టెల్‌కి ఇచ్చేందుకు ఒప్పందం చేసుకుంది. అందులోనూ 50 మెగాహెర్ట్జ్ మన సర్కిల్‌దే.

దివాలా తీస్తే? ఇక్కడే అసలు మజా. ఎయిర్‌సెల్ 2018లో చేతులెత్తేసింది. స్పెక్ట్రమ్ హక్కుని కంపెనీ ఆస్తిగా చూసి అప్పులిచ్చిన బ్యాంకులు దాన్ని అమ్ముకుందామనుకున్నాయి. మా బాకీ తీర్చకుండా ఎలా అమ్ముతారు అంది టెలికాం శాఖ. 2021లో కంపెనీ లా అప్పీళ్ల ట్రిబ్యునల్, వాడుకునే హక్కు కంపెనీకి ఆస్తే కానీ స్పెక్ట్రమ్ మాత్రం ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గర ఉన్న సహజ వనరు, ప్రభుత్వ బాకీ తీర్చనిదే చేతులు మారదు అంది. విషయం సుప్రీంకోర్టుకి చేరింది. కౌలు కాగితం పెట్టుకుని అప్పిచ్చిన షావుకారు, భూమి యజమాని ఎదురెదురుగా నిలబడ్డట్టు.

వొడాఫోన్ ఐడియా సంగతి ఇంకా విచిత్రం. బాకీలు కట్టలేకపోతే ప్రభుత్వం 2023లో 16,133 కోట్ల వడ్డీ బాకీని, 2025లో 36,950 కోట్ల స్పెక్ట్రమ్ బాకీని షేర్లుగా మార్చుకుంది. ఇప్పుడు ప్రభుత్వ వాటా 48.99 శాతం. అంటే స్పెక్ట్రమ్‌కి యజమాని, రూల్స్ పెట్టేవాడు, కౌలు వసూలు చేసేవాడు, అదే కౌలుదారు కంపెనీలో అతిపెద్ద వాటాదారు, అందరూ ఒక్కరే. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ‘ప్రజల తరఫున యజమాని కేంద్ర ప్రభుత్వమే’ అని రాసేసుకుంది కూడా. 1995లో కోర్టు అడిగిన స్వతంత్ర సంస్థ ఈ బొమ్మలో ఎక్కడుందో మీరే వెతకండి.

అదే చట్టం వేలం అక్కర్లేని జాబితా కూడా పెట్టింది. శాటిలైట్ సేవలు అందులో ఉన్నాయి. స్టార్‌లింక్ లాంటి వాళ్లకి వేలం లేకుండా ఇవ్వడం న్యాయం కాదని జియో గొడవ చేసింది ఇందుకే. శాటిలైట్ బ్యాండ్‌ని చాలా కంపెనీలు పంచుకుని వాడతాయి, ఒక్కరికి రాసిచ్చే పద్ధతి దానికి పనికిరాదు అన్నది అవతలి వాదన. ఈ విషయంలో నాకు ప్రభుత్వ వాదనే సబబుగా అనిపిస్తుంది.

‘ప్రజల ఆస్తి’ అంటే ఏ ప్రజలు అని న్యూజిలాండ్‌లో మావోరీలు అడిగారు. 1980ల చివర్లో అక్కడి ప్రభుత్వం స్పెక్ట్రమ్ హక్కులు అమ్మబోతే, 1840 ఒప్పందం ప్రకారం మా వాటా ఏది అని కేసు వేశారు. 1840లో రేడియోనే లేదు కదా అన్నది ఎదురు వాదన. నిజమే, లేదు. కానీ తరంగాలు అప్పుడూ ఉన్నాయిగా! మూడు దశాబ్దాల పోరాటం తర్వాత 2022లో, ఇకపై ఇచ్చే దేశవ్యాప్త కమర్షియల్ స్పెక్ట్రమ్‌లో 20 శాతం మావోరీలకి ఇచ్చేలా ఒప్పందం కుదిరింది.

మచ్నూరులో 90.4

మనకీ అలాంటి కథ ఒకటుంది, ఇంకా చిన్న స్కేల్‌లో. జహీరాబాద్ దగ్గర మచ్నూరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే దళిత మహిళా రైతులు 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో స్టూడియో పెట్టుకున్నారు. పరికరాలున్నాయి, మాట్లాడేవాళ్లున్నారు, లైసెన్స్ లేదు. ఏళ్ల తరబడి ప్రోగ్రాములు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల్లో వినిపించుకున్నారు. చిరుధాన్యాలు, పాత విత్తనాలు, పాటలు. తలపైన ఎఫ్‌ఎం బ్యాండ్ ఖాళీగానే ఉంది.

2002లో కమ్యూనిటీ రేడియో పాలసీ వచ్చినా విద్యాసంస్థలకే పరిమితం. 2006లో స్వచ్ఛంద సంస్థలకి కూడా తలుపు తీశారు. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాల్లోకి వచ్చింది. కమ్యూనిటీ రేడియోకి మామూలుగా అనుమతించే పవర్ 100 వాట్లు, మీ ఇంట్లో పాత బల్బు అంత. దాంతో ఎవరికీ అడ్డం లేదు. అయినా దాదాపు పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఎవరిదీ కాని బ్యాండ్

ఇక మీరు ఈ పేజీ చదువుతున్న వై-ఫై సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్ ఒవెన్లు పనిచేస్తాయి కాబట్టి అదో చెత్త బ్యాండ్ అనుకునేవారు. 1985లో అమెరికా అలాంటి కొన్ని బ్యాండ్లని తక్కువ పవర్‌తో ఎవరైనా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చంది. వై-ఫై, బ్లూటూత్ అక్కడే పెరిగాయి. మన దగ్గర 2005లో 2.4కి, 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్‌కి లైసెన్స్ గోల తీసేశారు. ఊళ్లో పోరంబోకు లాగా అన్నమాట. కౌలు లేదు, గ్యారంటీ కూడా లేదు. పక్క ఫ్లాట్ రూటర్ మీ స్పీడ్ తినేస్తున్నా ఎవరికీ కంప్లైంట్ చేయలేరు.

దీన్ని చూసి అన్ని బ్యాండ్లూ ఇంతేలే అనుకోకండి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి దొరికే ‘సిగ్నల్ బూస్టర్’ మొబైల్ ఆపరేటర్ కౌలుకి తీసుకున్న బ్యాండ్‌లో ప్రసారం చేస్తుంది. అనుమతి లేకుండా పెట్టడం నేరం, పైగా వీధి మొత్తానికి కాల్ డ్రాప్స్ తెస్తుంది. సిగ్నల్ రాకపోతే వై-ఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఫ్రీ, లీగల్.

మళ్లీ 6 గిగాహెర్ట్జ్‌కి వద్దాం. అమెరికా 2020లో 1,200 మెగాహెర్ట్జ్ మొత్తం వై-ఫైకి వదిలేసింది. మన టెలికాం శాఖ 2025 మేలో ఇచ్చిన ముసాయిదా నిబంధనల్లో ఉన్నది 5,925 నుంచి 6,425 వరకు, అంటే కింది 500 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఇంటి లోపల తక్కువ పవర్‌తో, బయట మరీ తక్కువ పవర్‌తో. పైనున్న 700 మెగాహెర్ట్జ్ మీద టెలికాం కంపెనీల కన్ను ఉంది. అది వేలానికి వెళ్తే మళ్లీ 20 ఏళ్ల కౌలే.

వై-ఫై 7 రూటర్ కొనేటప్పుడు డబ్బా మీద ‘320 మెగాహెర్ట్జ్ ఛానెల్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. 1,200 ఉన్నచోట అలాంటి ఛానెళ్లు ఒకదానికొకటి తగలకుండా మూడు పడతాయి. 500లో పట్టేది ఒక్కటే. మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరైనా అదే రూటర్ కొంటే, ఆ ఒక్క ఛానెల్‌నే ఇద్దరూ పంచుకోవాలి. ఆ 320 కోసం ఎక్స్‌ట్రా డబ్బు పెట్టే ముందు పక్క ఫ్లాట్ వాళ్లని కూడా ఓసారి అడగండి.